కేంద్రక త్వచం ప్రోటీన్లు జన్యువులను అంచున కట్టివేసి మూయిస్తాయా? ఎలుక కంటి దండ కణాల గురించి ఒక సందేహం

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెలలో మా విభాగంలో ఇవ్వవలసిన సెమినార్‌కు కేంద్రక త్వచం ప్రోటీన్లు, క్రోమాటిన్ (డీఎన్‌ఏ, దానితో కలిసి ఉండే ప్రోటీన్ల సముదాయం) అమరిక అనే అంశాన్ని ఎంచుకున్నాను. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివినదాన్ని కాబట్టి, మనసులోని చిక్కును తెలుగులో రాసుకుంటేనే అది నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంటర్ పాఠాల్లో కేంద్రక త్వచానికి రెండు పొరలుంటాయనీ, వాటిలో రంధ్రాలుంటాయనీ, వెలుపలి పొర అంతర్జీవద్రవ్యజాలంతో కలిసిపోయి ఉంటుందనీ చదువుకున్నాం. దాంతో అది ఒక ప్రహరీ గోడ అన్న భావనే నాలో మిగిలిపోయింది. ఇప్పుడు చదువుతుంటే, లోపలి పొరను ఆనుకుని లామిన్ అనే ప్రోటీన్ల అల్లిక ఉంటుందనీ, ఆ పొరలో నాటుకుని ఉండే ఎమెరిన్, ఎల్‌బీఆర్ వంటి ప్రోటీన్లు క్రోమాటిన్‌ను పట్టుకుని ఉంటాయనీ తెలిసింది. దాదాపు 2 మీటర్ల డీఎన్‌ఏ సుమారు 10 మైక్రోమీటర్ల కేంద్రకంలో ఇమిడి ఉన్నప్పుడు, అందులో ఏ భాగం అంచున ఉండాలో, ఏ భాగం లోపల ఉండాలో తేల్చడంలో ఈ ప్రోటీన్లకు పెద్ద పాత్ర ఉందట. చాలా కణాల్లో గట్టిగా ముడుచుకుని, జన్యువులు పనిచేయని హెటెరోక్రోమాటిన్ అంచున ఉంటుంది. తెరుచుకుని ఉన్న యూక్రోమాటిన్ లోపలి భాగంలో ఉంటుంది. అందువల్ల అంచుకు చేరడమే జన్యువు మూగబోవడానికి కారణమని అర్థం చేసుకుని, నా సెమినార్ మొత్తాన్ని ఆ వాక్యం చుట్టూ అల్లుకున్నాను.

అయితే ఎలుక నేత్రపటలంలోని దండ కణాల్లో ఈ అమరిక పూర్తిగా తలకిందులుగా ఉంటుందని నిన్న చదివాను. అక్కడ హెటెరోక్రోమాటిన్ నడిమధ్యలో ముద్దగా చేరి ఉంటే, యూక్రోమాటిన్ అంచు పొడవునా పరుచుకుని ఉంటుంది. అంచు జన్యువులను మూయించేదే అయితే, ఆ కణానికి కావలసిన జన్యువులు అంచున ఉండి కూడా ఎలా పనిచేస్తున్నాయి? నడిమధ్యకు చేరిన హెటెరోక్రోమాటిన్ ఎందుకు తెరుచుకోవడం లేదు? అసలు ఆ కణంలో అంచున పట్టుకునే ప్రోటీన్లు ఏమయ్యాయి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.


సమాధానం: క్రోమాటిన్ పరిశోధకుడు

అమ్మా, మీరు పట్టుకున్న ఉదాహరణ ఈ విషయంలో అన్నిటికంటే విలువైనది. దానిని సెమినార్ నుంచి తీసివేయకండి; దానితోనే మొదలుపెట్టండి.

ముందుగా మూడవ ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలిన రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. దండ కణాల కేంద్రకం తలకిందులుగా ఉంటుందని మ్యూనిక్‌లో ఇరీనా సొలొవే, ఆమె సహచరులు 2009లో ప్రకటించారు. అది అన్ని జంతువుల్లోనూ ఉండదు. ఎలుక వంటి నిశాచర క్షీరదాల్లో మాత్రమే ఉంటుంది. పగలు తిరిగే ఉడుత, పంది, కోతుల దండ కణాల్లో అమరిక మామూలుగానే ఉంటుంది. నేత్రపటలంలో కాంతిని గ్రహించే భాగాన్ని చేరేలోపు కాంతి దండ కణాల కేంద్రకాల వరుసల గుండా సాగవలసి ఉంటుంది. హెటెరోక్రోమాటిన్ నడిమధ్యలో ముద్దగా ఉన్నప్పుడు ఒక్కొక్క కేంద్రకం చిన్న కటకంలా పనిచేసి కాంతిని చెదిరిపోనీయకుండా ముందుకు పంపుతుంది. గుడ్డి వెలుతురులో తిరిగే జంతువుకు ఆ కొద్దిపాటి లాభం కూడా ముఖ్యమే. ఇంకొక సంగతి కూడా గమనించండి: ఎలుకపిల్ల పుట్టినప్పుడు దాని దండ కణాల్లో అమరిక మామూలుగానే ఉంటుంది, ఆ తరువాత కొన్ని వారాల కాలంలో నెమ్మదిగా తిరగబడుతుంది. అంటే తలకిందుల అమరిక ఆ కణానికి పుట్టుకతో వచ్చింది కాదు. అంచున ఉన్న పట్టు సడలిపోవడం వల్ల వచ్చింది.

ఆ పట్టు దేనిదో అదే బృందం 2013లో తేల్చింది. క్షీరదాల కణాల్లో హెటెరోక్రోమాటిన్‌ను అంచున కట్టి ఉంచే పలుపులు ప్రధానంగా రెండు ఉన్నాయి. ఒకటి ఎల్‌బీఆర్, అంటే లామిన్ బీ గ్రాహకం. ఇది లోపలి పొరలోనే నాటుకుని ఉండి, లామిన్ బీని ఒకవైపు, హెటెరోక్రోమాటిన్‌కు అంటిపెట్టుకుని ఉండే హెచ్‌పీ1 ప్రోటీన్‌ను మరొకవైపు పట్టుకుంటుంది. రెండవది లామిన్ ఏ/సీ. ఇది ఒంటరిగా పనిచేయదు, లోపలి పొరలోని ఇతర ప్రోటీన్ల తోడు దానికి కావాలి. పిండదశలోనూ, కణం ఇంకా పరిణతి చెందని దశలోనూ ఎల్‌బీఆర్ పట్టు ముఖ్యం. కణం తన వృత్తిలో స్థిరపడే కొద్దీ చాలా కణజాలాల్లో లామిన్ ఏ/సీ ఆ బాధ్యతను అందుకుంటుంది. ఈ రెండిటిలో ఏ ఒక్కటి ఉన్నా హెటెరోక్రోమాటిన్ అంచున నిలుస్తుంది. నిశాచర జంతువుల దండ కణాల్లో మాత్రం మొదటిది తగ్గిపోతుంది, రెండవది రానే రాదు. రెండు పలుపులూ లేని కేంద్రకంలో హెటెరోక్రోమాటిన్ అంచును వదిలి, తనలో తాను కలిసిపోయి, నడిమధ్యకు చేరుతుంది. దీనికి నిర్ధారణ కూడా ఉంది: ఎలుక దండ కణాల్లో ఎల్‌బీఆర్‌ను కృత్రిమంగా తయారయ్యేలా చేసినప్పుడు హెటెరోక్రోమాటిన్ అంచునే నిలిచిపోయింది. లామిన్ సీని మాత్రమే అలా చేర్చినప్పుడు అది సాధ్యం కాలేదు. లామిన్‌కు తోడు కావాలని నేను పైన అన్నది అందుకే.

ఇక మీ మొదటి రెండు ప్రశ్నలు. అంచు పట్టు పోయినా హెటెరోక్రోమాటిన్ ఎందుకు తెరుచుకోదంటే, దానిని మూసి ఉంచేది అంచు కాదు కనుక. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లలో ఒకటైన హెచ్3లోని తొమ్మిదవ లైసీన్ మీద చేరే మీథైల్ సమూహాలు, వాటిని గుర్తించి పట్టుకునే హెచ్‌పీ1 వంటి ప్రోటీన్లు, ఎసిటైల్ సమూహాలను తొలగించే ఎంజైములు దానిని మూసి ఉంచుతాయి. కేంద్రకంలో ఎక్కడ ఉన్నా ఈ గుర్తులు దానితోనే ఉంటాయి. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో దండ కణాల క్రోమోజోముల స్పర్శలను హై-సీ పద్ధతిలో కొలిచి, ఆ కొలతలను కంప్యూటర్ నమూనాలతో పోల్చి చూశారు. తెరుచుకున్న భాగాలు తమలో తాము, ముడుచుకున్న భాగాలు తమలో తాము కలిసి ఉండే విభజన తలకిందుల కేంద్రకంలోనూ నిలిచే ఉంది. ఆ విభజనకు మూలం హెటెరోక్రోమాటిన్ భాగాల మధ్య ఉండే పరస్పర ఆకర్షణ అని ఆ నమూనాలు చూపాయి. నమూనాలో ఆ ఆకర్షణ ఒక్కటే ఉంటే ఫలితం దండ కణంలా వస్తుంది. దానికి త్వచం వైపు లాగే పట్టును జోడిస్తే మామూలు కేంద్రకంలా వస్తుంది. కాబట్టి వేరుపడడం క్రోమాటిన్ స్వభావం; వేరుపడిన ముద్దను ఎక్కడ ఉంచాలో తేల్చేది త్వచం ప్రోటీన్ల పని.

అంచున ఏ ఏ భాగాలు ఉంటాయో ఎలా తెలిసిందని మీ సెమినార్‌లో ఎవరైనా తప్పక అడుగుతారు. బాస్ వాన్ స్టెన్సెల్, స్టీవెన్ హెనికాఫ్ 2000లో రూపొందించిన డామ్‌ఐడీ పద్ధతిని వివరించండి. బాక్టీరియాలో డామ్ అనే ఎంజైము ఉంది. అది డీఎన్‌ఏలో జీఏటీసీ అనే వరుస కనిపించిన చోట అడినీన్ మీద మీథైల్ గుర్తు పెడుతుంది. దానిని లామిన్ బీ1కు అతికించి కణంలో తయారయ్యేలా చేస్తే, లామిన్ అల్లికను తాకిన డీఎన్‌ఏ మీద మాత్రమే ఆ గుర్తు పడుతుంది. గోడకు రాసిన పచ్చి సున్నం ఆనుకున్న భుజానికి అంటుకున్నట్టే ఇది. ఆ గుర్తులున్న ముక్కలను వేరుచేసి చదివితే సరిపోతుంది. 2008లో మనిషి ఫైబ్రోబ్లాస్టు కణాల్లో ఇలా చూసినప్పుడు, లామిన్‌ను ఆనుకునే ఖండాలు 1,300కు పైగా ఉన్నాయనీ, ఒక్కొక్కటి లక్ష నుంచి కోటి బేస్ జతల పొడవు ఉంటుందనీ, మొత్తం మీద జన్యుపదార్థంలో దాదాపు 40 శాతం అవే ఆక్రమిస్తాయనీ తేలింది. వీటిని లాడ్‌లు అంటారు. వీటిలో జన్యువులు పలుచగా ఉంటాయి, ఉన్నవి కూడా చాలావరకు పనిచేయవు.

అయితే ఈ 40 శాతం అన్న అంకెను జాగ్రత్తగా వాడండి. అది లక్షల కణాలను కలిపి చూసిన చిత్రం. ఒక్కొక్క కణాన్ని విడిగా చూసిన 2013 నాటి పరిశోధనలో, ఏ ఒక్క కణంలోనైనా లాడ్‌లలో సుమారు మూడో వంతు మాత్రమే నిజంగా అంచును తాకుతున్నాయని తెలిసింది. కణం విభజన చెందినప్పుడు త్వచం విచ్చిపోయి, మళ్ళీ కట్టుకున్నాక ఏ లాడ్ అంచుకు చేరుతుందన్నది తల్లి కణంలో ఉన్నట్టే ఉండదు. కొన్ని లాడ్‌లు కేంద్రకాంశం పక్కకు చేరతాయి. అయినా ఆ జన్యువులు తెరుచుకోవు.


సమాధానం: పాథాలజీ వైద్యురాలు

పైన ఎల్‌బీఆర్ గురించి చెప్పినదానికి, రోజూ రక్తపు స్లైడ్లు చూసే వృత్తి నుంచి ఒక మాట కలుపుతాను. ఈ ప్రోటీన్ ప్రభావాన్ని చూడడానికి ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు, మామూలు సూక్ష్మదర్శిని చాలు.

మన రక్తంలోని ఒక రకం తెల్లకణాలైన న్యూట్రోఫిల్ కణాల కేంద్రకం సాధారణంగా మూడు నుంచి ఐదు తమ్మెలుగా ఉంటుంది. కొందరిలో పుట్టుకతోనే అది రెండు తమ్మెల వద్ద ఆగిపోయి, మధ్యలో సన్నని తీగతో కలిపిన కళ్ళజోడులా కనిపిస్తుంది. లోపల క్రోమాటిన్ ముతకగా, గడ్డలు కట్టినట్టుగా ఉంటుంది. దీనిని పెల్గర్–హ్యూయెట్ లక్షణం అంటారు. దీనికి కారణం ఎల్‌బీఆర్ జన్యువులోని మార్పు అని 2002లో తేలింది. జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడితే తమ్మెలు తగ్గుతాయి. రెండూ చెడితే కేంద్రకం దాదాపు గుండ్రంగా మిగిలిపోతుంది. ఒక ప్రతి మాత్రమే చెడినవారు ఆరోగ్యంగానే ఉంటారు, వారి తెల్లకణాలు పనిచేస్తూనే ఉంటాయి. అయితే స్లైడు చూసేవారికి ఈ విషయం తెలియకపోతే, అపరిణత కణాలు పెరిగాయనుకుని లేని ఇన్‌ఫెక్షన్ కోసం వెతకడం జరుగుతుంది. అందుకే దీనిని విద్యార్థులకు నేను ప్రత్యేకంగా చూపిస్తాను.

ఎల్‌బీఆర్ రెండు పనులు చేసే ప్రోటీన్ అని కూడా మీరు చెప్పవలసి ఉంటుంది. కేంద్రకం లోపలి వైపు ఉన్న భాగం క్రోమాటిన్‌ను పట్టుకుంటే, పొరలో మునిగి ఉన్న భాగం కొలెస్టరాల్ తయారీలో ఒక మెట్టును నడిపే ఎంజైము. ఈ జన్యువులోని మార్పుల వల్లనే గర్భస్థ శిశువుకు ప్రాణాంతకమైన గ్రీన్‌బర్గ్ అస్థి లోపం కూడా కలుగుతుంది.


సమాధానం: జన్యుశాస్త్ర అధ్యాపకుడు

పరిశోధక మిత్రులు చక్కగా వివరించారు. అయినా ‘దానిని మూసి ఉంచేది అంచు కాదు’ అన్న ఒక్క వాక్యం దగ్గర నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే విద్యార్థులు ఆ మాటను పట్టుకుని ‘అయితే అంచుకు ఏ పాత్రా లేదు’ అనే రెండవ కొసకు వెళ్ళిపోతారు.

ఈ ప్రశ్నను నేరుగా పరీక్షించే మార్గం ఒకటి ఉంది. పనిచేస్తున్న జన్యువును తీసుకువెళ్ళి అంచున కట్టి చూడాలి. డీఎన్‌ఏలో ఒకచోట బాక్టీరియా నుంచి తెచ్చిన గుర్తింపు వరుసలను పొదిగి, ఆ వరుసలను పట్టుకునే ప్రోటీన్‌ను లోపలి పొర ప్రోటీన్‌కు అతికిస్తే, ఆ చోటు అంచుకు చేరుతుంది. 2008లో మూడు బృందాలు వేర్వేరుగా ఈ పని చేశాయి, మూడింటి ఫలితాలూ మూడు రకాలుగా వచ్చాయి. ఎమెరిన్ ముక్కతో కట్టిన ప్రయోగంలో జన్యువు మూతపడింది. లోపలి పొరలోని మరొక ప్రోటీన్ అయిన ల్యాప్2 బీటాతో కట్టిన ప్రయోగంలో చుట్టుపక్కల జన్యువుల్లో కొన్ని మందగించాయి, కొన్ని మారలేదు. లామిన్ బీ1తో కట్టిన ప్రయోగంలో జన్యువు అంచున ఉండి కూడా, ప్రేరేపించినప్పుడు చక్కగా పనిచేసింది. ఇందులో నాకు వైరుధ్యం కనిపించడం లేదు. కట్టిన తాడు ఏది, కట్టిన జన్యువు ఏది అన్నదాని మీద ఫలితం ఆధారపడి ఉంది. ల్యాప్2 బీటా, ఎమెరిన్ రెండూ హిస్టోన్ల నుంచి ఎసిటైల్ సమూహాలను తొలగించే హెచ్‌డ్యాక్3 ఎంజైముతో చేతులు కలుపుతాయి. అంచు గోడ వంటిదైతే దానిని తాకడం వల్ల ఏమీ జరగదు. కానీ ఆ గోడ పక్కనే మూతవేసే పనివాళ్ళు గుమిగూడి ఉన్నారు. అప్పటికే బలహీనంగా ఉన్న జన్యువు అక్కడికి వెళితే మూతపడుతుంది, బలంగా పనిచేసే జన్యువు తట్టుకుంటుంది. ఈస్ట్‌లో 1998లోనే ఇటువంటి ఫలితం వచ్చింది: మూతవేసే వరుస సగం దెబ్బతిన్న చోటును త్వచానికి కట్టినప్పుడు, పోయిన మౌనం తిరిగి వచ్చింది, అయితే మూతవేసే సర్ ప్రోటీన్లు లేకపోతే కట్టినా రాలేదు.

వ్యతిరేక దిశలో చేసిన ప్రయోగం కూడా ఉంది. పరిశోధక మిత్రుల పోలికనే వాడుకుంటాను: పలుపు విప్పి చూడాలి. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే చిన్న నులిపురుగులో, తొమ్మిదవ లైసీన్ మీది మీథైల్ గుర్తును పట్టుకుని హెటెరోక్రోమాటిన్‌ను అంచున నిలిపే సీఈసీ-4 అనే ప్రోటీన్‌ను సూసన్ గాసర్ బృందం 2015లో కనుగొన్నది. పురుగు పిండంలో దానిని తొలగిస్తే హెటెరోక్రోమాటిన్ అంచును వదిలేసింది. జన్యువులు మాత్రం దాదాపు ఎప్పటిలాగే ఉండిపోయాయి, మూతపడినవి తెరుచుకోలేదు. పడుకున్న పశువు పలుపు విప్పినంత మాత్రాన లేవదు కదా. అయితే అదే పిండాన్ని బలవంతంగా కండర కణాలుగా మార్చే ప్రయోగంలో తేడా బయటపడింది: సీఈసీ-4 లేని పిండాల్లో కొన్ని ఆ మార్పును నిలుపుకోలేక జారిపోయాయి. మామూలు రోజుల్లో అవసరం కనిపించని పట్టు, కణం తన గుర్తింపును మార్చుకోవలసిన సమయంలో అవసరమైంది.

అందుచేత మీ వాక్యాన్ని కొట్టివేయకండి, దిశ మార్చండి. చాలా జన్యువుల విషయంలో మూతపడడం ముందు, అంచుకు చేరడం తరువాత. చేరిన తరువాత ఆ మూతకు బలం పెరుగుతుంది. 2014లో ఎలుక మూలకణాల్లో చేసిన పరిశోధన దీనికి అద్దంలోని ప్రతిబింబం వంటిది. అక్కడ జన్యువు పనిచేయకపోయినా సరే, దాని చుట్టూ క్రోమాటిన్‌ను వదులు చేసినంత మాత్రాన ఆ భాగం అంచును విడిచి లోపలికి జరిగింది.


విద్యార్థిని జవాబు

సార్, మేడమ్, అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మూడు ప్రయోగాల ఫలితాలు ఎందుకు వేర్వేరుగా వచ్చాయన్నది ఇప్పుడు అర్థమైంది.

నాకు ఇంకొక సందేహం మిగిలింది, దానికి వ్యక్తిగత కారణం కూడా ఉంది. మా దగ్గరి బంధువుల్లో ఒకరికి చిన్న వయసులోనే మోచేతులు, మడమల వెనుక స్నాయువులు బిగుసుకుపోయాయి. ఆ తరువాత గుండె లయ తప్పి పేస్‌మేకర్ పెట్టవలసి వచ్చింది. చాలా ఏళ్ళు కీళ్ళ జబ్బుగానే వైద్యం జరిగింది. చివరికి జన్యుపరీక్షలో లామిన్ ఏ/సీ జన్యువులో మార్పు ఉందని చెప్పారు. ఈ అంశాన్ని నేను ఎంచుకోవడానికి అసలు కారణం అదే. లామిన్ దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది కదా, మరి దెబ్బ కండరానికీ గుండెకూ మాత్రమే ఎందుకు తగులుతుంది? పలుపు విప్పినా జన్యువులు పెద్దగా మారవంటే, ఈ జబ్బుకు జన్యువుల అమరికతో సంబంధం ఉన్నట్టా, లేనట్టా?


సమాధానం: జన్యుశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, మీ కుటుంబం పడిన ఇబ్బందికి బాధగా ఉంది. మీరు వర్ణించిన లక్షణాలు ఎమరీ–డ్రైఫస్ కండర క్షీణతలో కనిపించేవే. ఈ జబ్బులో గుండె లయ దెబ్బతినడం అన్నిటికంటే ప్రమాదకరం కాబట్టి, అదే మార్పును మోస్తున్న రక్తసంబంధీకులు కండరాల్లో ఏ ఇబ్బందీ లేకపోయినా హృద్రోగ నిపుణుల వద్ద క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవాలి. ముందుగా ఈ మాట మీ ఇంట్లో చెప్పండి, సెమినార్ సంగతి ఆ తరువాత.

ఈ జబ్బు ఎమెరిన్ జన్యువు చెడినా వస్తుందని 1994లో, లామిన్ ఏ/సీ జన్యువు చెడినా వస్తుందని 1999లో తెలిసింది. మొదటిది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. రెండు వేర్వేరు జన్యువుల వల్ల ఒకే జబ్బు రావడమే, ఆ రెండు ప్రోటీన్లూ ఒకే చోట కలిసి పనిచేస్తాయని సూచించింది.

జన్యువుల అమరికతో సంబంధం ఉన్నదా అన్న ప్రశ్నకు నేను చూసిన వాటిలో అత్యంత స్పష్టమైన జవాబు మళ్ళీ ఆ నులిపురుగు నుంచే వచ్చింది. మనుషుల్లో ఈ జబ్బును కలిగించే ఒక లామిన్ మార్పును పురుగు లామిన్‌లో చేశారు. 2011లో ప్రకటించిన ఆ పరిశోధనలో, కండరంలో పనిచేయవలసిన జన్యువు వరుసలు మామూలుగా కండర కణంలో అంచును విడిచి లోపలికి రావలసి ఉండగా, జబ్బు పురుగులో అంచునే ఇరుక్కుని ఉన్నాయి. ఆ పురుగు కండరాలు బలహీనపడ్డాయి. అంటే ఇక్కడ లోపం పట్టు సడలడం కాదు, వదలవలసిన సమయంలో వదలకపోవడం. 2020లో గాసర్ బృందమే ఇంకొక అడుగు వేసి, ఆ జబ్బు పురుగులో సీఈసీ-4ను తొలగించింది. లామిన్ మార్పు అలాగే ఉంది. అయినా ఆ జన్యువు వరుసలు అంచును వదిలాయి, కండరాల పని మెరుగుపడింది. ఆరోగ్యంగా ఉన్న పురుగులో తొలగిస్తే దాదాపు ఏ తేడా చూపని ప్రోటీన్, జబ్బు పురుగులో తొలగించినప్పుడు కండరాన్ని కాపాడింది. ఈ ఫలితాన్ని మొదటిసారి చదివిన రోజున, నేను అప్పటిదాకా చెబుతూ వచ్చిన పాఠంలో ఒక పేజీని మార్చి రాసుకున్నాను.

కండరమే ఎందుకు అన్నదానికి మరికొంత ఉంది. లోపలి పొర ప్రోటీన్లన్నీ అన్ని కణజాలాల్లోనూ ఒకే విధంగా ఉండవు. ఎడిన్‌బరోలో ఎరిక్ షిర్మర్ బృందం కండర కణాల త్వచంలో ప్రత్యేకంగా కనిపించే నెట్39, టీమెమ్38ఏ, డబ్ల్యూఎఫ్ఎస్1 అనే మూడు ప్రోటీన్లను పరిశీలించి, కండరం తయారయ్యేటప్పుడు మూతపడవలసిన కొన్ని జన్యువులను అవే అంచుకు చేరుస్తాయని 2016లో చూపింది. ఆ మూడింటినీ ఒకేసారి తగ్గిస్తే కండర కణాల ఏర్పాటు తీవ్రంగా దెబ్బతిన్నది. మొదటి సమాధానంలో ప్రస్తావించిన 2013 పరిశోధనలో కూడా దీనికి పొంతన ఉంది: కండర పూర్వకణాల్లో లామిన్ ఏ పట్టు పోతే కండర జన్యువుల పని తగ్గింది, ఎల్‌బీఆర్ పట్టు పోతే పెరిగింది. అంచుకు కట్టడమనే పని ఒకటే అయినా, ఏ తాడుతో కట్టారన్న దానిని బట్టి ఫలితం ఎదురుబొదురుగా వచ్చింది.


సమాధానం: క్రోమాటిన్ పరిశోధకుడు

అధ్యాపకుల వివరణతో ఏకీభవిస్తున్నాను, నా వాక్యానికి వారు చేసిన సవరణతో కూడా. ఒక్క విషయం కలుపుతాను. లామిన్ అల్లికకు బరువు మోసే పని కూడా ఉంది. కణ అస్థిపంజరాన్ని త్వచం గుండా లామిన్‌తో కలిపే సన్, కాష్ ప్రోటీన్ల వంతెన ఒకటి ఉంటుంది. నిరంతరం సాగుతూ, ముడుచుకుంటూ ఉండే కండరంలో, గుండెలో ఆ లాగుడంతా కేంద్రకం మీద పడుతుంది. చెడిన లామిన్ దానిని తట్టుకోలేకపోతే కేంద్రకం ఆకారం చెదురుతుంది, డీఎన్‌ఏ కూడా దెబ్బతింటుంది. కాబట్టి మీ బంధువు జబ్బును అమరిక లోపంగా మాత్రమే చూపకండి, రెండు కారణాలనూ పక్కపక్కన పెట్టండి.

పిల్లల్లో అకాల వార్ధక్యాన్ని తెచ్చే ప్రొజీరియా జబ్బు గురించి కూడా మిమ్మల్ని అడగవచ్చు. అదే లామిన్ ఏ/సీ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల 50 అమైనో ఆమ్లాలు లోపించిన ప్రొజెరిన్ తయారవుతుందని 2003లో కనుగొన్నారు. దాని కొసన ఉండే కొవ్వు తోక తెగిపోవలసిన చోటే లోపించింది కనుక, అది త్వచానికి అంటుకునే ఉండిపోతుంది. కాలక్రమంలో అంచున ఉన్న హెటెరోక్రోమాటిన్ కరిగిపోతుంది. ఆ తోకను చేర్చే ఎంజైమును అడ్డుకునే లోనాఫార్నిబ్ అనే మందును 2020 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది.

ఈ రంగంలో పని జరిగింది విదేశాల్లో మాత్రమేనని అనుకోవద్దు. హైదరాబాద్ సీసీఎంబీలో వీణా పర్నాయక్ గారి బృందం దశాబ్దాలపాటు లామిన్ల మీదే పనిచేసింది. లామిన్ ఏ అంచునే కాక కేంద్రకం లోపల చుక్కలుగా కూడా ఉంటుందనీ, ఆ చుక్కలు ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికించే ప్రోటీన్లతో కలిసి ఉంటాయనీ 1990ల చివర్లో వారు చూపారు. మీ సెమినార్‌లో ఆ పనికి చోటు ఇస్తే నాకు సంతోషం.


సమాధానం: ఈస్ట్ పరిశోధక విద్యార్థి

ఆలస్యంగా చూశాను. చర్చ అంతా హెటెరోక్రోమాటిన్ చుట్టూ తిరిగింది కాబట్టి, అంచు అంటే మూసిన ప్రాంతమే అన్న అభిప్రాయం మిగిలిపోకూడదని ఒక మాట రాస్తున్నాను.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రంలో కేంద్రకం అంచును పరిశీలించండి. నల్లని హెటెరోక్రోమాటిన్ పట్టీ ఒకే వరుసగా సాగదు. ప్రతి కేంద్రక రంధ్రం ఎదుట తెగి, అక్కడ లేత రంగు ఖాళీ కనిపిస్తుంది. రంధ్రం లోపలి వైపు బుట్ట ఆకారంలో ఉండే టీపీఆర్ అనే ప్రోటీన్‌ను తగ్గిస్తే, కొన్ని పరిస్థితుల్లో ఆ ఖాళీలోకి కూడా హెటెరోక్రోమాటిన్ వచ్చేస్తుంది. అంటే ఆ చోటును తెరిచి ఉంచడం కూడా ఒక త్వచ ప్రోటీన్ చేసే పనే. పనిచేసే జన్యువులు రంధ్రాల దగ్గరకు చేరతాయని గుంటర్ బ్లోబెల్ 1985లోనే ఊహించారు.

ఈస్ట్‌లో ఆ ఊహకు ఆధారాలు దొరికాయి. ఇనాసిటాల్ తయారీకి కావలసిన ఐఎన్‌ఓ1 జన్యువు, పెరుగుదల మాధ్యమంలో ఇనాసిటాల్ లేనప్పుడు మేల్కొని, కేంద్రకం లోపలి నుంచి రంధ్రాల దగ్గరకు చేరుతుంది. ఇనాసిటాల్ మళ్ళీ అందించినప్పుడు జన్యువు ఆగిపోతుంది, కానీ వెంటనే లోపలికి తిరిగి వెళ్ళదు. కణం కొన్నిసార్లు విభజన చెందిన తరువాత కూడా, పిల్ల కణాల్లో అది రంధ్రం పక్కనే, ఏ పనీ చేయకుండా నిలబడి ఉంటుంది.